డీవోజీ నలభై ఏడు గారు

నా మాట మా ఊళ్ళో ఎవరూ నమ్మరు. అందులో ఊరి తప్పేమీ లేదు. మునిసిపల్ ఆఫీసు వరండాలో ‘ఇచ్చట నవ్వరాదు’ అని బోర్డు పెట్టింది నేనే. ఊరికే, ఏమంటారో చూద్దామని. ఎవరూ ఏమీ అనలేదు. గుమాస్తాలు నవ్వడం మానేశారు. కొన్నాళ్ళకి సున్నాలు వేస్తుంటే ఆ బోర్డు పాడైపోయింది. ఆఫీసు ఖర్చుతో కొత్తది రాయించి పెట్టుకున్నారు. ఇప్పుడున్నది అదే.

ఆ సంగతి బయటపడ్డాక పొగడలంకలో నా పేరు మీద ఒక సామెత పుట్టింది. తలుపులు చెప్పాడంటే తాళం ఎక్కడో వెతుక్కోవాలి అని. నా పేరు తలుపులు. ఊరందరికీ తలుపులు మావయ్యని. మైకుసెట్టు అద్దెకిస్తాను. పెళ్ళికీ, దినానికీ, మంత్రిగారి సభకీ అదే మైకు. చదువు ఐదో తరగతి, అదీ రెండు విడతలుగా. ఇంగ్లీషు మాత్రం గట్టిగా వచ్చు. వచ్చిన నాలుగు మాటలూ గట్టిగా వచ్చు.

అలాంటి నేను జన్మలో ఒకసారి నిజం చెప్పాను. ఆ సంగతే ఇది.

ఆ యేడు పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. వారసత్వ వికాస శాఖలో పెద్ద ఆఫీసరు ఒకాయన విదేశం వెళ్ళి, అక్కడ అద్దాల బీరువాల్లో పాత పతకాలు చూసి, అవి మనకెందుకు లేవని బెంగెట్టుకుని తిరిగొచ్చారట. వచ్చీ రాగానే ఆ యేడుని స్మారక పతక సంవత్సరంగా ప్రకటించేశారు. ఉత్తర్వులో మూడు ముక్కలున్నాయి. ప్రతి మునిసిపాలిటీ తన ఊరి పాత స్మారక పతకం ఒకటి పట్టుకుని దాని చరిత్ర పరిశోధన చేయించాలి. పతకం దొరికిన చోటే, అది ఎవరికిచ్చారో ఆ మహనీయుడికి విగ్రహం పెట్టాలి. ఆ మహనీయుడు నిత్యం నివసించిన, ధ్యానించిన, లేదా భుజించిన స్థలం ఏదైనా తేలితే దాన్ని ఇటుక కదపకుండా కాపాడాలి. పతకం దొరకని ఊరిని ‘చరిత్ర లేని పట్టణం’ అని ప్రకటించి, ఆ ఊరి కమిషనరుని రోడ్డు లేని చోటికి పంపుతారు.

మా కమిషనరు ఆనందవర్ధన్ గారు మంచి మనిషే. మంచినీళ్ళు అడగాల్సి వచ్చినా ‘జలసరఫరా నిమిత్తం’ అని మొదలెడతారు, అంతే తేడా. ఆయన పాపం ఊరంతా గాలించారు. ఒకరు కబడ్డీ కప్పు తెచ్చారు. ఒకరు కుటుంబ నియంత్రణ ఆపరేషనుకిచ్చిన ప్లాస్టిక్ బకెట్ తెచ్చి, దీనిమీద కూడా తారీకు ఉందండి అన్నారు. పతకం మాత్రం దొరకలేదు.

దొరికింది నా మేనకోడలు మరిడమ్మ పెసరట్ల కొట్టు దగ్గర.

మరిడమ్మది పన్నుగేటు సెంటర్లో కొట్టు. వాళ్ళ మామ్మ పెట్టింది. పాకా, పెనం, రెండు బల్లలు. మొగుడు లారీ మీద ఉంటాడు, సంపాదన కూడా లారీ మీదే ఉండిపోతుంది. ఇద్దరాడపిల్లల చదువు ఆ పెనం మీదే నడుస్తోంది. బస్సు అక్కడే ఆగుతుంది. దిగినవాడి ముక్కుకి ముందు అల్లం వాసన తగులుతుంది. కొట్టు పది బారలు అవతలికి జరిగితే ఆ ముక్కు ఇంకో హోటల్లో దూరిపోతుంది. అంత గీత మీద బతుకు ఆ పిల్లది.

బల్ల కింద ఒక కుక్క ఉంటుంది. పేరు బంట్రోతు. వచ్చినవాడిని ముందు అది చూసి, ఆ తర్వాతే మరిడమ్మ దగ్గరకి పోనిస్తుంది కాబట్టి ఆ పేరు పెట్టాను. అది ఒకరోజు పాక వెనక మట్టి గోకి గోకి ఒక ఇత్తడి బిళ్ళ బయటికి తీసింది. మరిడమ్మ చింతపండు పెట్టి తోమింది. దానిమీద పైన పి.ఎం., మధ్యలో డి.ఓ.జి., కింద 47, దాని కింద 1934. పైన చిల్లు.

అక్షరాలు చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. మా చిన్నప్పటి పెద్దవాళ్ళు చెప్పుకునేవారు, పూర్వం కుక్కకి మునిసిపాలిటీకి పన్ను కట్టాలని, కడితే మెడకి బిళ్ళ ఇచ్చేవారని. ఎవరి సొత్తు వాళ్ళకి చేరాలి కదా అని దానికి పురికొస దూర్చి బంట్రోతు మెడలో కట్టేశాను. అదీ దర్జాగా తిరిగింది.

నాలుగో రోజున కమిషనరు గారు జీపు దిగి పెసరట్టు తింటూ, కాళ్ళ దగ్గర మెరుస్తున్నదేమిటా అని వంగి చూశారు. అట్టు ముక్క నోట్లోనే ఆగిపోయింది.

“ఇది ఏమిటి?”

“బిళ్ళండి,” అన్నాను.

“ఏ సందర్భాన్ని పురస్కరించుకుని ప్రదానం చేసిన బిళ్ళ?”

“పన్ను కట్టిన సందర్భమండి. కుక్క బిళ్ళండి అది. పూర్వం బిళ్ళ లేని కుక్కని మునిసిపాలిటీవోళ్ళు బండిలో ఏసుకుపోయేవోరు. పి.ఎం. అంటే పొగడలంక మునిసిపాలిటీ. డి ఓ జి డాగ్, డాగ్ అంటే కుక్క. మా మేష్టారు బెత్తంతో చెప్పేరండి, అందుకని మర్చిపోలేదు.”

ఆయన నా వంక చూసి, జీపు డ్రైవరు వంక చూశారు. డ్రైవరు ఒక్కటే మాట అన్నాడు. “తలుపులండి బాబూ. బోర్డు తలుపులు.”

అంతే, నేను చెప్పిన నిజం అక్కడితో చచ్చిపోయింది.

“ఇంతటి చారిత్రక సంపదను శునకం కంఠమున అలంకరించడం శిక్షార్హమైన అపచారం,” అని కమిషనరు గారు స్వయంగా వంగి, బంట్రోతు మెడలోంచి బిళ్ళ తీసి, జేబురుమాల్లో చుట్టుకుని వెళ్ళిపోయారు. బంట్రోతు జీపు వెనకాల సినిమాహాలు దాకా పరిగెత్తింది. దాని వస్తువు అది అడిగింది. దాని మాటా ఎవరూ నమ్మలేదు.

ఇంత చదువుకున్నవాళ్ళకి మూడక్షరాలు కూడబలుక్కోవడం రాదా అని మీరడగొచ్చు. మా ఊళ్ళో మూడు ఇంగ్లీషు అక్షరాలు వరసగా కనబడితే ఎవరూ కూడబలుక్కోరు. చెప్పులు విప్పుతారు. ఎమ్మార్వో, ఆర్డీవో, డీఈవో అంటూ మూడక్షరాలంటే ఆఫీసరే. మరునాటికి ఊరంతా ‘డీవోజీ గారి పతకం’ అనేశారు. ఆ ‘గారు’ ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలీదు. అక్షరాల వెనకాలే నడిచి వచ్చేసింది.

పరిశోధనకి పట్నం నుంచి డాక్టర్ పరబ్రహ్మం గారిని పిలిపించారు. పాత పతకాల మీద ఆయన రాసినన్ని పుస్తకాలు ఎవరూ రాయలేదట, చదివినవాళ్ళు మాత్రం తగల్లేదు. కౌన్సిల్ హాల్లో సభ. మైకు నాదే కాబట్టి పక్కనే నిలబడ్డాను. ఆయన పట్టుగుడ్డ మీద బిళ్ళ పెట్టి, భూతద్దంతో అటునించీ ఇటునించీ చూసి, చాలాసేపు కళ్ళు మూసుకున్నారు.

“ఇది లోహం కాదు,” అన్నారు చివరికి. “మూగబోయిన శతాబ్దం.”

మునిసిపల్ సిబ్బంది చప్పట్లు కొట్టారు.

“డి.ఓ.జి. అనగా డిస్టింగ్విష్డ్ ఆర్డర్ ఆఫ్ గోదావరి. తెలుగున విశిష్ట గోదావరి శ్రేణి. ఈ శ్రేణిని గురించి ఇంతవరకు ఏ గ్రంథంలోనూ ప్రస్తావన లేదు. అదే దీని అత్యంత గోప్యతకు నిదర్శనం. పి.ఎం. అనగా పరాక్రమ మెడల్.”

“పరాక్రమం తెలుగూ, మెడలు ఇంగ్లీషూ కదండి,” అన్నాను మైకు సరిచేస్తున్నట్టు.

“ద్విభాషా పతకం. అరుదు.”

“మెళ్ళో కట్టేది కాబట్టి మెడలు అన్నారేమోనండి.”

ఆయన ఆగారు. నా వంక కొత్తగా చూశారు. జేబులోంచి కాయితం తీసి రాసుకున్నారు. ఆ మాట ఆయన పుస్తకం మూడో అధ్యాయంలో ఉంది. నా పేరు లేదు.

“అంచుల వెంట ఈ గాట్లు గమనించండి,” అన్నారు మళ్ళీ. “యుద్ధ చిహ్నాలు.”

“పళ్ళ గాట్లలా లేవాండి?”

“పళ్ళతో పోరాడిన యోధులు చరిత్రలో లేకపోలేదు.”

ఇక మిగిలింది ఈ నలభై ఏడో యోధుడెవరన్నది. అది రైసుమిల్లు జోగారావు తేల్చేశాడు. జోగారావు మాజీ కౌన్సిలరు. వాళ్ళ తాత దొరల కాలంలో కలెక్టరు బంగళా చుట్టూ తిరిగి మిల్లు సంపాదించాడని ఊళ్ళో అందరికీ తెలుసు. ఎలా తిరిగాడో మాత్రం ఎవరూ పైకి అనరు. జోగారావు లేచి, కండువా సర్దుకున్నాడు.

“మా మామ్మ చెప్తుండేదండి. దొర స్వయంగా మీ తాత మెళ్ళో బిళ్ళ కట్టేడ్రా అని. ఆ బిళ్ళ ఇదేనండి.”

“మెళ్ళోనేనా?” అన్నాను.

“మెళ్ళో కాక కాలికి కడతారేటి?”

డాక్టరు గారు రుజువు అడిగారు. ఈ శ్రేణికి ఎన్నికైనవారి లక్షణాలు ఏవై ఉంటాయో చెబితే జోగారావు పోల్చి చూసుకుంటానన్నాడు. లక్షణాలు ఆయనకీ తెలీవు. గొంతు ఆరిపోయి మంచినీళ్ళు తాగుతుంటే, మైకు ఖాళీగా ఉందని నేను అందుకున్నాను.

“పెద్దలు చెప్పుకోగా విన్నానండి. ఈ డీవోజీలు రాత్రంతా దొర గుమ్మంలో కాపలా ఉండేవోరట.”

“ఉండేవోడు,” అన్నాడు జోగారావు. “మా తాత బంగళా అరుగు మీదే పడుకునేవోడు.”

“దొర కనబడితే ఒళ్ళంతా సంబరమట. సొంతోళ్ళు కనబడితే గుర్రట.”

“అచ్చం మా తాతే.”

“దొర తిని వదిలింది ఏదైనా సరే కళ్ళకద్దుకునేవోరట. కొట్టినా మళ్ళీ ఎనకాలే తిరిగేవోరట. ఉసిగొల్పితే ఊరి మీద పడేవోరట.”

“మా నాన్న చెప్పినవన్నీ చెప్తున్నావే తలుపులూ,” అన్నాడు జోగారావు కళ్ళు తుడుచుకుంటూ. “అంత విశ్వాసం మళ్ళీ పుట్టదండి.”

జోగారావు తాతే నలభై ఏడో డీవోజీ అని తీర్మానమైంది. నేనొక్కడినే ఆ తీర్మానం సగం నిజమని ఒప్పుకున్నాను.

నవ్వుకుంటూ ఇంటికొచ్చాను. ఆ నవ్వు మరునాడు పొద్దున మరిడమ్మ కొట్టు దగ్గర ఆరిపోయింది. పాక స్తంభానికి నోటీసు అంటించి ఉంది. పతకం దొరికిన చోటే విగ్రహం పెట్టాలి కాబట్టి, సదరు పాక, పెనం, బల్లలు పది రోజుల్లో తొలగించాలని. బదులు స్థలం చేపల మార్కెట్టు వెనక ఇస్తారట.

మరిడమ్మ పిండి కలుపుతోంది. నా వంక చూడలేదు.

“చేపల మార్కెట్టు ఎనక పెసరట్టు ఎవడు తింటాడు మావయ్యా?”

“నేను తింటానే.”

“నువ్వు డబ్బులిచ్చి ఎప్పుడు తిన్నావు?” అంది. నవ్వకుండా అంది. “ఊరంతా నీ పరాచికాలకి నవ్వుకుంటారు. సంబరం అందరికీ, సున్నం నాకూనూ. నిన్న సభలో ఆ జోగారావుని ఆడించేవంట. ఇప్పుడాయన తాత నా పెనం మీద నించుంటాడు.”

“నేను మొదట నిజమే చెప్పేనే. డాగ్ అంటే కుక్క అని నీ ఎదురుగానే చెప్పేను.”

“నువ్వు చెప్తే ఎవరు నమ్ముతారు? నిజానిక్కూడా ఓ మొహం ఉండాలి మావయ్యా. నీ మొహం చూసి అది పారిపోయింది.”

నన్ను ఊళ్ళో చాలామంది తిట్టారు. ఇంత సూటిగా ఎవరూ తిట్టలేదు. బల్ల కింద బంట్రోతు కూడా అటు తిరిగి పడుకుంది.

సాక్ష్యం కావాలి కదా అని ఇంటికెళ్ళి అటక దిగలాగాను. మా తాతకి ఒక కుక్క ఉండేది. దాని బిళ్ళ గిలక్కాయల్లే ఆడుకుని పెరిగాన్నేను. ఇత్తడి చెంబులో దొరికింది. అదే బిళ్ళ, అవే అక్షరాలు, నెంబరు 48. మా తాత కాలువ పూడిక తీసే కూలీ. ఆయనకి ఏ దొరా పతకం ఇవ్వడు. అంతకన్నా రుజువు ఏం కావాలి? తీసుకెళ్ళి కమిషనరు గారి బల్ల మీద పెట్టాను.

“ఇది మా తాత కుక్కదండి. పేరు కర్రోడు. ఇందులో పరాచికం లేదండి. మా మేనకోడలి కొట్టు పోతుంది. నా మాట నమ్మొద్దు, బిళ్ళని చూడండి. కూలోడి ఇంట్లో ఉందంటే అది పతకమెలా అవుద్దండి?”

కమిషనరు గారు 47ని సొరుగులోంచి తీసి, 48 పక్కన పెట్టి చూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి. లేచి నిలబడ్డారు. నా రెండు చేతులూ పట్టుకున్నారు.

“మీరు కూడానా?” అన్నారు. “ఇంతకాలం ఎందుకు మరుగున ఉంచారు? నిరుపేద కూలికి సైతం విశిష్ట గోదావరి శ్రేణి. ఇది సామాజిక న్యాయ కోణం. పైవారు దీనిని మిక్కిలి హర్షిస్తారు.”

“కుక్కదండి బాబూ. కర్రోడు.”

“వినయం మీ వంశంలోనే ఉంది తలుపులు గారూ.”

గారు. నలభై ఏళ్ళుగా ఆ ఆఫీసుకి మైకు మోస్తున్నాను. ఎప్పుడూ రాని గారు, కుక్క బిళ్ళతో వచ్చింది. గుమాస్తా కుర్చీ తెచ్చి వేశాడు. కమిషనరు గారు బిళ్ళ వెనక్కిచ్చేస్తూ, ఇది వారసుల హక్కు, ఉత్సవాలలో ధరించవలసిందిగా కోరడమైనది అన్నారు.

వారం తిరక్కుండా ఊళ్ళో అటకలన్నీ దిగాయి. 12, 31, 60, 9. ఎవరి పెట్టెలో చూసినా ఒక డీవోజీ. పాల కేంద్రం వాళ్ళింట్లో రెండు దొరికితే అన్నదమ్ములు వేరుపడి చెరొకటి తీసుకున్నారు. డీవోజీ వారసుల సంఘం పెట్టారు. ఆసుపత్రి వరసలో ముందు తమని పిలవాలని అర్జీ ఇచ్చారు. పెళ్ళిచూపుల్లో “మీది ఎన్నో నెంబరండి” అని అడగడం మొదలైంది. కాన్వెంటు పిల్లలు కొందరు డి ఓ జి డాగ్ అని చదివి నవ్వితే, చరిత్రను కించపరిచారని వాళ్ళని బెంచీ ఎక్కించి, డి.ఓ.జి. అనగా విశిష్ట గోదావరి శ్రేణి అని వందసార్లు రాయించారు. ఆ మాట పరీక్షలో కూడా వచ్చింది. కుక్క అని రాసినవాళ్ళు తప్పారు.

డాక్టర్ పరబ్రహ్మం గారు, ప్రపంచంలో ఇన్ని విశిష్ట సేవలు జరిగిన చిన్న పట్టణం ఇంకొకటి లేదని వ్యాసం రాశారు. విగ్రహానికి పునాది గీత మాత్రం మరిడమ్మ పెనం పక్కనుంచే సున్నంతో గీసేశారు.

గడువు రెండు రోజులుందనగా మళ్ళీ ఆఫీసుకెళ్తే, మొన్న కుర్చీ వేసిన గుమాస్తా నాకు కాఫీ కూడా ఇప్పించాడు. ఆ కాఫీ తాగుతుండగా నాకు వెలిగింది. నేను చెప్పిన మాటలో తప్పు లేదు. మర్యాద లేదు. కుక్కని పట్టుకుని కుక్క అన్నాను. ఆఫీసులో అలా మాట్లాడితే ఎవరికి అర్థమవుతుంది?

డాక్టరు గారు గెస్టుహౌసులో ఉన్నారు. తెల్లచొక్కా వేసుకుని, 48 నెంబరు బిళ్ళ మెడలో కట్టుకుని వెళ్ళాను. తోవలో ఒట్టు పెట్టుకున్నాను, ఒక్క అబద్ధం కూడా ఆడకూడదని.

“డీవోజీ నలభై ఏడు గారి గురించి మా తాత చెప్పిన సంగతులు మీకు ఒప్పజెప్పాలండి.”

ఆయన కలం తీశారు. “చెప్పండి.”

“డీవోజీ నలభై ఏడు గారూ, మా డీవోజీ నలభై ఎనిమిది గారూ స్నేహితులండి. కలిసే తిరిగేవోరు. నలభై ఏడు గారు రోజూ తెల్లారగట్ల పన్నుగేటు దగ్గర మరిడమ్మ మామ్మ కొట్టుకి వేంచేసేవోరండి.”

“నిత్యమా?”

“ఒక్క పూట తప్పేది కాదండి. ఆవిడ తొలి అట్టు తుంచి వారికి పెట్టేకే తక్కినోళ్ళకి వేసేది. భుజించి, ఆ బల్ల కిందే విశ్రమించేవోరు.”

“బల్ల కింద,” అని ఆయన తన్మయంగా రాసుకున్నారు. “నిరాడంబరత. వస్త్రధారణ?”

“ఏమీ ఉండేది కాదండి.”

“దిగంబర దశకు చేరుకున్నారన్నమాట.”

“పుట్టినప్పటినించీ అంతేనండి. చివరికి అక్కడే, ఆ పాక వెనకాలే కాలం చేశారు. బిళ్ళతో సహా అక్కడే కప్పెట్టేరండి. మరిడమ్మ మామ్మ రెండ్రోజులు పొయ్యి వెలిగించలేదట.”

ఇందులో ఒక్క అక్షరం నా కల్పన కాదు. మా తాత చెప్పిందే. ‘గారు’లూ, ‘వేంచేయడాలూ’ మాత్రం నావి. డాక్టరు గారు కలం మూశారు.

“తలుపులు గారూ, ఇది నిత్య భోజన స్థలం. సమాధి స్థలం కూడా. ఉత్తర్వులో మూడో అంశం రెండో అంశాన్ని మింగేస్తుంది. అక్కడ ఇటుక కదిపితే కమిషనరు గారు జవాబుదారీ అవుతారు.”

సాయంత్రానికి నోటీసు మీద ఇంకో నోటీసు పడింది. సదరు పాక, పెనం, బల్లలు యథాతథంగా పరిరక్షించవలసినదనీ, సదరు స్త్రీ పెసరట్లు వేయుట ఆపరాదనీ, ఆపినచో చర్య తీసుకోబడుననీ. మరిడమ్మ రెండుసార్లు చదివించుకుంది.

“అంటే నాకు సెలవు కూడా లేదా మావయ్యా?”

“లేదే. నువ్విప్పుడు చరిత్రవి.”

“అల్లం తగ్గించొచ్చా?”

“ఇటుక కదపకూడదన్నారు. అల్లం మాట అడిగి చెప్తాను.”

అప్పుడు నవ్వింది. చాలా రోజులకి.

విగ్రహం ఎక్కడన్న ప్రశ్న జోగారావే తీర్చాడు. మా మిల్లు గుమ్మం ముందే పెట్టండి, ఖర్చు నాది, తాత మా గుమ్మంలోనే ఉంటాడు అన్నాడు. తాతగారి ఫోటో లేదు. శిల్పి వచ్చి భంగిమ చెప్పమన్నాడు. డాక్టరు గారు నా వైపు చూపించారు, సమకాలికుల వారసుడు ఈయనే అని. నేను మళ్ళీ ఒట్టు గుర్తు చేసుకున్నాను.

“నలభై ఏడు గారు ఎప్పుడూ నించునేవోరు కాదండి. వెనక కాళ్ళు ముడిచి కూర్చుని, ముందు చేతులు రెండూ నేలకి ఆన్చి, మెడ పైకెత్తి గుమ్మం వంకే చూస్తుండేవోరు.”

“యోగముద్ర,” అన్నారు డాక్టరు గారు.

ఆవిష్కరణ రోజున మైకు నాదే. ఇంకో సాయం కూడా చేశాను. ఆఫీసు వరండాలోంచి ఆ ‘ఇచ్చట నవ్వరాదు’ బోర్డు అడిగి తెచ్చి విగ్రహం పక్కన పాతాను. కమిషనరు గారు తాడు లాగారు. తెర జారింది. పంచెకట్టు, తలపాగా, మీసం, మెడలో బిళ్ళ. జోగారావు తాతగారు గొంతుక్కూర్చుని, రెండు అరచేతులూ నేలకి ఆన్చి, మెడెత్తి మిల్లు గుమ్మం వంక చూస్తున్నారు.

వందలాది జనం. చీమ చిటుక్కుమంటే వినపడుతుంది. ఎవరూ నవ్వలేదు. బోర్డు ఉంది కదా.

జోగారావు మటుకు దగ్గరకెళ్ళి, తాతగారి తల మీద చెయ్యివేసి నిమిరాడు. ఎందుకో ఆ చెయ్యి తల మీంచి మెడ దాకా, చెవుల వెనగ్గా వెళ్ళింది. సిమెంటు తాత హాయిగానే ఉన్నట్టనిపించాడు.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ మునిసిపాలిటీ ఏ పనీ అయిపోనివ్వదు. మరునాడు పొద్దున్నే మరిడమ్మ కొట్టు ముందు ఇనప బోర్డు వెలిసింది. పక్కన కర్ర పుచ్చుకుని కొత్త వాచ్‌మన్. బోర్డు మీద ఇలా ఉంది.

‘డి.ఓ.జి. నెం. 47 గారు నిత్యము భుజించిన పవిత్ర స్థలము. కుక్కలకు ప్రవేశము లేదు.’

బంట్రోతు రోడ్డవతల కాలువ గట్టు మీద కూర్చునుంది. దగ్గరకి రాబోతే వాచ్‌మన్ కర్ర ఎత్తుతున్నాడు. మరిడమ్మ పెనం ముందు చేతులు కట్టుకుని నిలబడింది. పొయ్యి వెలిగించలేదు. బస్సు దిగినవాళ్ళు బల్లల మీద కూర్చుని ఎదురు చూస్తున్నారు. కమిషనరు గారు కూడా వచ్చి కూర్చున్నారు.

“అమ్మా, ఉత్తర్వు ప్రకారం అట్లు వేయుట ఆపరాదు,” అన్నారాయన.

“తొలి అట్టు తుంచి ఆడికి పెట్టందే మా మామ్మ ఇంకోళ్ళకి వేసేది కాదండి. నేనూ వెయ్యను. జైల్లో పెడితే పెట్టుకోండి.”

“ఆడికి అనగా ఎవరికి?”

మరిడమ్మ నా వంక చూసింది. నేను రోడ్డు దాటి కాలువ గట్టుకి వెళ్ళాను. నా మెడలోంచి 48 తీసి, పురికొస సరిచేసి, బంట్రోతు మెడలో కట్టాను. దానికి ఆ బరువు గుర్తుంది. లేచి ఒళ్ళు దులుపుకుని, తోక నిటారుగా పెట్టి, రోడ్డు మధ్యలోంచి నడిచింది. లారీ ఒకటి ఆగింది.

వాచ్‌మన్ కర్ర ఎత్తాడు. ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉండిపోయింది. వంగి చూశాడు. ఇత్తడి బిళ్ళ, మూడక్షరాలు. కర్ర కింద పెట్టేశాడు. చెప్పులు విప్పాడు.

కమిషనరు గారు తల వంచి చదివారు. గొంతు సవరించుకున్నారు. లేచి, పంట్లాం దులుపుకుని, బల్ల మీద ఓ పక్కకి జరిగి చోటిచ్చారు.

బంట్రోతు ఆయన వంక చూడలేదు. అలవాటు ప్రకారం బల్ల కిందకే వెళ్ళింది.

మరిడమ్మ పొయ్యి వెలిగించింది. పెనం మీద పిండి తిప్పి, అల్లం చల్లి, తొలి అట్టు తీసి తుంచింది.

“రండి బంట్రోతు గారూ,” అంది. “చల్లారిపోతంది.”